తేలికైన తుపాకీ

ఆ ఏడు ఉడుతల వేట మొదలయ్యేలోగా వెర్లిన్‌కు తేలికైన తుపాకీ ఒకటి కావలసి వచ్చింది. వాళ్ల నాన్న ఇచ్చిన జోడుగొట్టాల తుపాకీ ఇంట్లో ఉండనే ఉంది. జూన్‌లో ఒక సాయంత్రం దాన్ని తీసుకుని వసారాలో నిలబడి, వాగు అవతలి గట్టు మీద పెట్టిన ఖాళీ డబ్బాకు గురిచూసి పేల్చాడు. డబ్బా ఎగిరిపడింది. వెర్లిన్ కూడా ఎగిరిపడినంత పనైంది. తుపాకీ తన్నిన తన్ను భుజంలోంచి ఊపిరితిత్తుల్లోకి దిగింది కాబోలు, వసారా కమ్మీ పట్టుకుని వంగిపోయి దగ్గాడు. ముఖం నేరేడుపండు రంగుకు తిరిగేదాకా దగ్గాడు. నేను మంచినీళ్ల గ్లాసుతో పక్కన నిలబడ్డాను. అలాంటప్పుడు వీపు నిమరకూడదు, మాట్లాడించకూడదు. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

దగ్గు తెరిపిచ్చాక, "ఇది ఉడుతకంటే ముందు నన్ను చంపేలా ఉందే డ్రీమా," అన్నాడు నవ్వుతూ.

"అయితే మానెయ్. ఉడుత లేకపోతే ముద్ద దిగదా? కోళ్లు లేవా?"

"కోడి కోసం కొండెక్కక్కర్లేదు. కోడికున్న లోపమే అది."

వెర్లిన్‌కు అప్పటికి ఇంకా యాభై నిండలేదు. మీసాలు సరిగ్గా రాకముందే గనిలో దిగాడు. తూర్పు కెంటకీలో మా లోయలో పుట్టిన మగపిల్లలు ఇంకెక్కడికి పోతారు? గని పైకప్పుకు బోల్టులు బిగించే యంత్రం మీద పని. బొగ్గు పొర సన్నబడ్డాక రాతినే తొలుస్తూ పోయారు. ఆ రాతి దుమ్ము బొగ్గు దుమ్ముకన్నా పాపిష్టిది. పట్నంలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు. రెండు పక్కలా తెల్లటి గడ్డలు. ఊపిరితిత్తులు మార్చే వరసలో పేరు రాయించడానికి కూడా ఆలస్యమైందని, మా వైపు చూడకుండా చెప్పాడు.  తిరుగు దారిలో వంతెన దాటాక వెర్లిన్ అన్నాడు. "ఆగస్టులో వేట మొదలవుతుంది. ట్వంటీటూ ఒకటి దొరికితే బాగుండు."

ట్వంటీటూ అంటే చిటికెన వేలి గోరంత తూటాల రైఫిలు. తన్నదు. ఒక తూటా పేలగానే ఇంకోటి తనంతట తానే గొట్టంలోకి వచ్చే రకమైతే ఆయాసపడే మనిషికి మరీ సుఖం, మీట మీది వేలు కదిపితే చాలు. మాకూ ఒకటి ఉండేది. గని కొన్నాళ్లు మూతపడ్డ ఏడాది తాకట్టుకు వెళ్లి, అక్కడే ఉండిపోయింది.

వాగుకు ఎగువన హార్లెస్ మామ దగ్గర అలాంటిదొకటి ఉందని విని ఇద్దరం ట్రక్కులో వెళ్లాం. ఆ ఇంటికి మెట్లు ఎక్కువ. వెర్లిన్ ట్రక్కులోనే కూర్చున్నాడు, నేను పైకెక్కాను. హార్లెస్ మామ రెండు కళ్లకూ పొరలు కమ్మి నాలుగేళ్లయింది. ఊయల కుర్చీలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాడు.

"ఎవరది?"

"నేను మామా, డ్రీమాని."

"నువ్వా? మెట్లు మూలిగితే ఎవరో ఆవును తోలుకొస్తున్నారనుకున్నా."

"కళ్లకు పొరలొచ్చాయిగానీ నీ నోటికి రాలేదు."

ముసలాయన పగలబడి నవ్వి, మంచం కిందినుంచి ఒక బొంతచుట్ట లాగించాడు. లోపల రైఫిలు. చెయ్యి పట్టే చోట కర్ర బీటలువారి ఉంటే నల్ల టేపు చుట్టారు. ఇనుము మీద తుప్పు మచ్చలు. "ఉన్న రోగాలన్నీ ముందే చెబుతున్నా," అన్నాడు మామ. "పేలిన తూటా డొల్ల ఒక్కోసారి బయటికి ఊడిపడదు. మీట గట్టి. గొట్టం నేను శుభ్రం చేసి ఎన్నేళ్లయిందో ఆ దేవుడికే తెలుసు. కానీ గుండెకాయ మంచిది, నీ మొగుడిలాగే."

కిందికి తీసుకెళ్లి ఇచ్చాను. వెర్లిన్ తూటాలు నింపే మ్యాగజైన్ ఊడదీశాడు, లోపల తూటా లేదని చూసుకున్నాడు, గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి ఒక కన్ను మూశాడు.

"మామా!" అని కిందినుంచే కేకవేశాడు. ఆ ఒక్క కేకకే ఆయాసపడ్డాడు. "గొట్టం లోపల నీ గడ్డంలా ఉంది."

"నీ మొహంకన్నా నయమేలేరా!" అని పైనుంచి జవాబు.

బేరం డబ్బుతో కుదరలేదు. మామకు డబ్బు వద్దు, వెర్లిన్ చేపల పడవ కావాలి. కళ్లు లేనివాడికి పడవెందుకని అడిగాను.

"చేపను చూడక్కర్లేదే పిల్లా. గాలం దారం చేతికి చెబుతుంది. తుపాకీకే కళ్లు కావాలి."

ఆ మాట వెర్లిన్‌కు చెప్పాను. స్టీరింగు మీద వేళ్లు ఆడిస్తూ కాసేపు వాగువైపు చూశాడు. మా అబ్బాయి కార్డెల్‌కు ఈత నేర్పింది ఆ పడవ పక్కనే. "మోటారు తాడు రెండుసార్లు లాగితేగానీ అంటుకోదని చెప్పు," అన్నాడు. బేరం అంతే.

జులై అంతా మా వంటింటి బల్ల తుపాకీకి పోయింది. మేం ముగ్గురం ఒడిలో పళ్లేలు పెట్టుకుని తినేవాళ్లం. నూనెగుడ్డ మీద స్క్రూలు, స్ప్రింగులు, పిన్నులు వరసగా పరచి, ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే వెర్లిన్ ఉరిమి చూసేవాడు. మూలన ఆక్సిజన్ యంత్రం గుర్రుపెడుతూ ఉండేది. దాని పొడుగు గొట్టం నా కాళ్లకు చుట్టుకుని నేను తూలితే, "మెల్లిగా, నా ప్రాణం తొక్కుతున్నావ్," అనేవాడు. ఎన్నిసార్లన్నా నవ్వు వచ్చేది.

లోపలి జిడ్డంతా కడిగాడు. డొల్లను బయటికి లాగే కొక్కెం అరిగిపోతే కొత్తది వేశాడు. మీటను మెత్తగా చేశాడు. మ్యాగజైన్ ఊడదీసే నొక్కుడు పుల్ల చిన్నదిగా ఉండి వేలికి అందడం లేదని, పొడుగాటిది తెప్పించి బిగించాడు. అసలు పని కర్రతో వచ్చింది. పాత కర్ర బరువు. పోప్లర్ చెక్క తేలిక, దాంతో కొత్తది చెక్కుతానన్నాడు.

"చెక్కు. పొట్టు పీల్చుకుని రేపే పో," అన్నాను.

కాబట్టి చెక్క పని నామీద పడింది. నేను బయట పెరట్లో రంపం, చిత్రిక, గరుకు కాగితం పట్టుకుని, వెర్లిన్ లోపల కిటికీ అద్దం వెనక. పెన్సిలుతో గీసి ఇస్తాడు, నేను గీత మీద కోస్తాను. అద్దం మీద వేలితో కొట్టి, ఇంకొంచెం అని సైగ చేస్తాడు.

"ఇంకా తీస్తే విరుగుతుంది!" అని నేను అరుస్తాను.

విరగదని తల అడ్డంగా ఊపుతాడు. బడి వంటశాలలో రోజుకు మూడొందల మందికి వండే చేతులు నావి. వాటికి చెక్కపనీ వచ్చింది ఆ వేసవిలో. చిక్కుడు గింజలు తూచే త్రాసు మీద కర్రను పెట్టి, ముల్లు కొంచెం తగ్గితే చాలు, ఇద్దరం ఏదో గెలిచినట్టు ముఖాలు చూసుకునేవాళ్లం. ఆ నెలలోనే వెర్లిన్ బెల్టుకు మేకుతో కొత్త కన్నం పొడిచాను. 

కార్డెల్‌కు ఇరవై రెండేళ్లు. పట్నంలో టైర్ల షాపులో పని. డాక్టరు దగ్గరనుంచి వచ్చిన రోజే వెర్లిన్ వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గనిలో అడుగుపెట్టనని ఒట్టు వేయించుకున్నాడు. జులై చివర ఒక సాయంత్రం వాడు పొడుగాటి అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల కొత్త గొట్టం. నడిమధ్య సన్నటి ఉక్కు, పైన అల్యూమినియం తొడుగు. చేత్తో ఎత్తితే వెదురుపుల్ల ఎత్తినట్టుంది.

"ఎక్కడిదిరా ఇంత మంచిది?"

"ఓవర్‌టైమ్ చేశాను నాన్నా. ఈ మధ్య జనం టైర్లు తెగ పగలగొట్టుకుంటున్నారు."

"మన రోడ్లకు దణ్ణం పెట్టాలి," అన్నాడు వెర్లిన్. పాత గొట్టం ఊడదీయడానికి బలం చాలక కార్డెల్ చేత మర తిప్పించాడు. కొత్తది గూట్లో కూర్చున్నాక తుపాకీని భుజానికెత్తి, కిటికీలోంచి కొండవైపు చూశాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. చేతులు వణకలేదు. ఆ వేసవిలో నాకు గుర్తున్న సంతోషం అదొక్కటే.

వేట మొదటి రోజు తెల్లవారుతుండగా పెరటి వెనక అడవి మొదట్లో కుర్చీ వేశాం. కొండెక్కే ప్రశ్నే లేదు. అక్కడ నాలుగైదు హికరీ చెట్లున్నాయి, ఆగస్టులో ఉడుతలు కాయల కోసం వాటి మీదికే చేరతాయి. ఆక్సిజన్ సీసా సంచి నా భుజాన. మంచు ఇంకా ఆకుల మీంచి కారుతోంది. వెర్లిన్ కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, ఒడిలో తుపాకీ పెట్టుకుని కదలకుండా ఉన్నాడు. కాసేపటికి పైన కాయ తొక్కలు రాలడం వినిపించింది. ఒక బూడిదరంగు ఉడుత కొమ్మ మీదికి వచ్చి, మా వైపు వీపు పెట్టి కూర్చుంది.

వెర్లిన్ తుపాకీ ఎత్తాడు. ఎత్తుతుంటే గుడ్డ చప్పుడు కూడా కాలేదు. గురి కోసం తుపాకీ మీద బిగించిన ఎర్ర చుక్క అద్దంలో కన్ను పెట్టాడు. వేలు మీట మీదికి వెళ్లింది.

దగ్గు వచ్చింది.

ఆపడానికి అతను చేసిన ప్రయత్నం నేను చూశాను. పెదవులు బిగించాడు, మెడ నరాలు పొంగాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆగలేదు. చెట్ల మీద ఒక్కసారిగా ఉడుతల అరుపులు, కొమ్మలు ఊగడం, ఆ తరువాత ఏమీ లేదు. మేం ఎదురుచూశాం. పొద్దెక్కాక ఇంకోటి వచ్చింది. మళ్లీ దగ్గు. మూడోది రానేలేదు.

వెర్లిన్ మ్యాగజైన్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"గొట్టం మార్చాను, కర్ర మార్చాను, మీట మార్చాను," అన్నాడు. "దగ్గుకే స్పేరుపార్టు లేదు."

"రేపు మందు తాగి వద్దాం."

"సరే."

మందు తాగి వెళ్లాం. బుగ్గన పిప్పరమెంటు పెట్టుకుని వెళ్లాం. తువ్వాలు నోట్లో కుక్కుకుని కూడా కూర్చున్నాడు, నేనే లాగిపారేశాను. సెప్టెంబరంతా తెల్లవారుజామునే అతన్ని నడిపించుకెళ్లి కూర్చోబెట్టేదాన్ని, నేను పనిలోకి వెళ్లేముందు తీసుకొచ్చేదాన్ని. మానెయ్యమని నేను అనలేదు. మానేస్తే రోజంతా ఏం చేస్తాడు? ఆ యంత్రం పక్కన కూర్చుని గోడ చూస్తాడు.

తుపాకీ బరువని మళ్లీ అనడం మొదలుపెట్టాడు. తుపాకీ బరువు పెరగలేదని ఇద్దరికీ తెలుసు. అయినా కర్ర లోపల తొలిచాను, చెయ్యి పట్టే చోట ఇంకా సన్నం చేశాను. చెయ్యి చాచి పట్టుకోలేకపోతున్నాడని భుజానికి ఆనే మడమ వైపు రంపంతో కోసి పొట్టి చేశాను. కోసిన ముక్క నా చేతిలో మిగిలితే, బిస్కట్టంత ఉంది, పొయ్యిలో వేశాను.

అక్టోబరు వచ్చేసరికి ఆకులు పసుపెక్కాయి. అప్పుడు జరిగింది నేను ఊహించనిది. ఉడుతలు వెర్లిన్ దగ్గుకు అలవాటు పడ్డాయి. మొదట పారిపోయేవి. తరువాత కొమ్మ మారి ఊరుకునేవి. చివరికి, పక్కింటి కుక్క మొరిగితే మనం ఎలా పట్టించుకోమో అలా పట్టించుకోవడం మానేశాయి. ఒక శనివారం మధ్యాహ్నం అతను వంగి దగ్గుతుండగా ఒకటి చెట్టు దిగి, ముందుకాళ్లతో కాయ పట్టుకుని, ఎదురుగా కూర్చుని కొరుక్కుంటోంది.

"కాల్చు," అని గుసగుసగా అన్నాను.

వెర్లిన్ తుపాకీ ఎత్తబోయాడు. మోకాళ్ల మీంచి కొంచెం లేచింది. గొట్టం కొస గాలిలో సున్నాలు చుట్టింది. దించేశాడు. రెండోసారి ఎత్తబోయి, సగంలోనే దించేశాడు. అప్పటికి ఆ తుపాకీ ఎప్పుడూ లేనంత తేలిక. పసిపిల్లవాడు ఎత్తుకుని తిరగగలిగేంత.

ఉడుత కాయ తిని, తొక్క పారేసి, ఇంకో కాయకు వెళ్లింది.

"చూశావా దాని పొగరు," అన్నాడు వెర్లిన్. "నేనో మొద్దుననుకుంటోంది."

"నాకియ్యి, నేను కాలుస్తా."

"నీకేం వచ్చు?"

"చెప్పు, వస్తుంది."

"చెప్పడానికేముంది. చుక్క దాని తల మీద పెట్టి, ఊపిరి బిగబట్టి, మెల్లిగా నొక్కడమే." తుపాకీని ఒడిలోకి సర్దుకుని, "ఊపిరి బిగబట్టడమే," అన్నాడు మళ్లీ. తుపాకీ మాత్రం ఇవ్వలేదు. నేనూ చెయ్యి చాపలేదు.

అప్పుడే కార్డెల్ పెరట్లోంచి వస్తున్నాడు. తలస్నానం చేసి వచ్చాడు, జుట్టు ఇంకా తడిగా ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పడమటి ఎండ సూటిగా ముఖం మీద పడుతోంది. ఆ ఎండలో వాడి కళ్లు కాటుక పెట్టినట్టున్నాయి. రెప్పల అంచుల వెంబడి సన్నటి నల్లగీత. గని దుమ్ము పెట్టే ఆ గీత నాకు తెలుసు. ఎన్ని సబ్బులు రుద్దినా పోదు. పాతికేళ్లు ఆ గీత ఉన్న కళ్లను చూస్తూ నిద్రలేచినదాన్ని.

నేను నోరు తెరిచాను. వెర్లిన్ చెయ్యి నా మణికట్టు మీద పడింది. ఆ చేతికి బరువు లేదు. అయినా ఆగాను.

"ఏమైనా పడ్డాయా నాన్నా?" అన్నాడు కార్డెల్.

"ఇవాళ మాకు జాలేసింది," అన్నాడు వెర్లిన్. వాడి ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు. వాడు చూపు తిప్పుకోవడానికి ప్రయత్నించి, తిప్పుకోలేక నిలబడిపోయాడు.

"ఏ పని ఇచ్చారు?"

 కార్డెల్ బూటు కొసతో ఆకులు కెలికాడు.

"బోల్టుల మెషిను."

"మాస్కు పెట్టుకుంటున్నావా?"

"పెట్టుకుంటున్నా నాన్నా."

"ఊఁ. మేమూ పెట్టుకునేవాళ్లం. చెమటకు జారితే తీసి జేబులో పెట్టుకునేవాళ్లం." దగ్గు వచ్చింది. కార్డెల్, నేను చెరోపక్క నిలబడి ఆగాం. అది తగ్గాక వెర్లిన్ తుపాకీ పట్టుకుని, గొట్టం నేలవైపు పెట్టి వాడికి అందించాడు. "ఎత్తి చూడు."

వాడు భుజానికెత్తాడు. తుపాకీ వాడి రొమ్ములో ఇరుక్కున్నట్టు పొట్టిగా కనబడింది. మోచెయ్యి బాగా ముడుచుకుపోయింది.

"నీకు చాలదు," అన్నాడు వెర్లిన్. "మడమకు ఒక ముక్క తగిలించాలి. అక్రోటు చెక్క అయితే బాగుంటుంది. ఏదీ, మోచెయ్యి వంచు." జేబులోంచి పెన్సిలు తీసి, నా ఏప్రాన్ తాడు అడిగి తీసుకుని, కూర్చున్నచోటనే వాడి మోచేతి మడతనుంచి చూపుడువేలి కణుపుదాకా కొలిచి, తాడుకు ముడివేశాడు. కొలుస్తున్నంతసేపూ కార్డెల్ కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. ఒట్టు సంగతి వెర్లిన్ అడగలేదు. ఆ తరువాత కూడా ఎన్నడూ అడగలేదు.

నేను అడిగాను. వంటింట్లో, వెర్లిన్ కునుకు తీస్తుండగా, గిన్నెలు కడుగుతూ అడిగాను.

"టైర్ల షాపు మే నెలలోనే మూసేశారమ్మా," అన్నాడు. "చేపలు కడిగే పని దొరుకుతుందేమోనని నది దిగువదాకా వెళ్లొచ్చా. ఎక్కడా లేదు. గని వాళ్లొక్కళ్లే రమ్మన్నారు. మొన్నటిదాకా బయట పనే, లోపలికి దింపింది ఈ వారమే."

"ఒట్టు గురించి మీ నాన్నకేం చెబుతావు?"

"చెప్పేదేముందమ్మా? చూశాడుగా."

గిన్నె అడుగు మాడింది. దాన్నే తోముతూ ఉండిపోయాను. వాడు తువ్వాలు తీసి కడిగినవి తుడిచి పెట్టాడు.

అక్రోటు ముక్క హార్లెస్ మామ ఇంటినుంచి తెచ్చాను. ఈసారి కిటికీ అవతల వెర్లిన్ ఎక్కువసేపు కూర్చోలేకపోయేవాడు. నేను చెక్కి చూపిస్తే వేలితో తడిమి, ఇక్కడ ఎత్తుగా ఉంది, ఇక్కడ లోతైంది అని చెప్పేవాడు. జిగురు పూసి, బిగించి, రెండు రోజులు కదపవద్దన్నాడు. ఆ రెండో రోజు ఉదయం, నేను బడి వంటకు బయలుదేరుతూ కాఫీ కావాలా అని అడిగితే వద్దన్నాడు. కుర్చీలోనే, బల్ల వైపు తిరిగి, కూర్చున్నట్టే పోయాడు. నేను ఇంకా కోటు గుండీలు పెట్టుకుంటున్నాను. యంత్రం ఆడుతూనే ఉంది. దాన్ని ఆపడానికి నాకు చాలాసేపు పట్టింది.

సమాధి దగ్గర గని మనుషులు చాలామంది నిలబడ్డారు. పాట మధ్యలో ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. హార్లెస్ మామ నా చెయ్యి పట్టుకుని, పడవ వెనక్కి తీసుకోమన్నాడు. ఎవరి కోసమని అడిగాను. 

తుపాకీ కర్రకు వార్నిషు కార్డెలే వేసి గోడకు తగిలించాడు. భుజానికి సరిగ్గా కుదిరిందన్నాడు. ఆదివారం వేటకు వెళతానన్నాడు. ఆదివారం సాయంత్రందాకా నిద్రపోయాడు. వచ్చే ఆదివారం అన్నాడు. డిసెంబరులో వాడిని మధ్యాహ్నం షిఫ్టుకు మార్చారు.

ఒకరోజు బడికి సెలవు, నేను ఇంట్లోనే ఉన్నాను. కార్డెల్ తిండి తిని సోఫాలో ఒరిగి అలాగే నిద్రపోయాడు. బూట్లు కూడా విప్పలేదు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. గనికి తీసుకెళ్లే వ్యాను మలుపు దగ్గరికొచ్చే వేళయింది. వాడి ఫోను మోగి మోగి ఆగిపోయింది. వాడు కదల్లేదు.

నేను గుమ్మంలో నిలబడ్డాను. ఒక్క షిఫ్టు తప్పితే పని పోతుంది. ఆ పని కోసం గేటు బయట ఎందరో కాచుకుని ఉన్నారు. నేను చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడమే. కిటికీలోంచి చూస్తే వాగు పక్క రోడ్డు మీద వ్యాను వస్తోంది. పని పోతే ఆ తరువాత ఏమిటని ఆలోచించాను. ఎంత ఆలోచించినా ఏమీ తోచలేదు. వ్యాను మలుపులో ఆగి హారన్ కొట్టింది.

నేను వెళ్లి వాడి భుజం మీద చెయ్యి వేసి కుదిపాను.

"లే నాన్నా," అన్నాను. "వాళ్లొచ్చేశారు."